మరిదికి దొరికిన మాఫీ

జైనబీకి మనుషులంటే పెద్దగా గౌరవం లేదు. అందుకు ఆమెను తప్పుపట్టడానికీ లేదు. ఆమెకు తగిలిన మనుషులు అలాంటివాళ్లు.

మొదటివాడు ఆమెను ఒమాన్ పంపించిన ఏజెంటు. రాయచోటి దగ్గర పల్లెలో, పరుపులు కుట్టి బతికే దూదేకుల ఇంట్లో పుట్టిన పిల్ల ఆమె. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ అంటే పెళ్లిళ్లలో పట్నం చుట్టాలు వచ్చినప్పుడు తలూపడానికి పనికొచ్చే భాష. ఆ ఏజెంటు ఆస్పత్రిలో ఆయా ఉద్యోగమని చెప్పి ఎక్కించాడు. దిగాక చూస్తే ఇంటిపని. అతగాడు ఈ రోజుకీ తెల్లచొక్కా నలగకుండా రాయచోటి బజారులో తిరుగుతూ నలుగురికీ నీతులు చెబుతున్నాడు. చొక్కా తెల్లగా ఉంటే లోపలి మురికి ఎవరికీ కనబడదనుకునే బాపతు.

పనికి కుదిరిన ఇల్లు షినాస్‌లో మురాద్ వాళ్లది. సముద్రం ఒడ్డు ఊరు, చేపలు, ఖర్జూరపు తోటలు, రోడ్డు పక్క దుకాణాలు. ఆ ఇంట్లో పెత్తనమంతా మురాద్ తల్లిది. మహా కోపిష్టి. అన్నంలో ఉప్పు తగ్గితే గిన్నె శబ్దం వీధిలోకి వినిపించేది. కానీ ఆమె తిట్టడం ఎదురుగానే తిట్టేది, పెట్టడం ఎదురుగానే పెట్టేది. ఒమాన్‌లో గాని, కడప జిల్లాలో గాని జైనబీ మనస్ఫూర్తిగా గౌరవించిన మనిషి ఈమె ఒక్కతే. యుమ్మా అని పిలిచేది, అంటే అమ్మా అని. అరబ్బీ నేర్చుకున్నది ఆమె నోటినుంచే. అందుకే జైనబీకి ఆ భాషలో తిట్లు ముందు వచ్చాయి, మర్యాదలు తరవాత వచ్చాయి.

ఆ ఇంటికి కిటికీ తెరలు కుట్టడానికి వచ్చినవాడు ఎహసాన్. రాయచోటి వైపు గాలివీడు మనిషి. తెలుగు వినబడగానే సూది కింద పడేసుకున్నాడు. ముసలామే ముందుండి వాళ్ల పెళ్లి చేయించింది. ఊరి నడుమ ఉన్న తమ దుకాణాల్లో ఒకటి కొడుకుతో చెప్పి వాళ్లకు ఇప్పించింది. లైసెన్సు మురాద్ పేరు మీద, జైనబీ వీసా కూడా ఆ దుకాణం మీదే. కనుక మురాద్ ఆమెకు అర్బాబ్, అంటే యజమాని. పని మాత్రం భార్యాభర్తలది. ఆడవాళ్ల పొడవాటి గౌన్లు, చీలమండ దగ్గర కుట్టుపని చేసే పైజామాలు కుట్టేవాళ్లు. ఎహసాన్ కత్తిరించేవాడు, జైనబీ కుట్టేది. కొలతలు తీసుకోవడం ఆమె పనే. దుకాణం వెనకభాగంలో ఒక తెర కట్టి, అక్కడ.

ఎహసాన్ మంచివాడు. మంచితనం అంటే జైనబీ లెక్కలో కాదనలేని చేతకానితనం. పండగకు ముందు వచ్చిన ప్రతి ఆడమనిషికీ రేపే ఇస్తానని మాటిచ్చేవాడు. రేపు వాళ్లంతా కలిసి వస్తే మిషన్ కింద దారం వెతుకుతున్నట్టు వంగి దాక్కునేవాడు. తిట్లన్నీ జైనబీ తినేది, ఆ తరవాత వడ్డీతో సహా అతనికి పెట్టేది. అతను నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఇంకా మండేది. పిల్లలు కలగలేదు. అందుకు ఊళ్లోవాళ్లు అడగని జాలి చూపించారు. ఆ జాలిని ఆమె వీధికుక్కకు కూడా వేసేది కాదు.

ఒక మధ్యాహ్నం ఎహసాన్ మిషన్ మీద తల వాల్చాడు. పండగ పని ముందేసుకుని కునుకు తీస్తున్నాడనుకుని జైనబీ ఒక తిట్టు తిట్టింది. అతను లేవలేదు. షినాస్ మట్టిలోనే అతన్ని కలిపారు. ఏడవడానికి ఆడవాళ్లంతా వచ్చారు, ఆమెకే ఏడుపు రాలేదు. ఆఖరున అతని చెవిన పడింది తన తిట్టు అనే మాట ఆమెను పగలూ రాత్రీ వదల్లేదు.

మూడోరోజు దిగాడు ఇర్షాద్. ఎహసాన్ తమ్ముడు, విజిట్ వీసా మీద వచ్చాడు.

ఈ ఇర్షాద్ ఎవరయ్యా అంటే చెప్పుకోవడానికి ఏమీ లేకపోవడమే అతని చరిత్ర. ఆటో కొన్నాడు, అమ్మాడు. సెల్‌ఫోన్ కొట్టు పెట్టాడు, తీశాడు. చికెన్ సెంటర్ పెడితే పక్కవీధి కుక్కలు బలిశాయి తప్ప ఇంకెవరూ బాగుపడలేదు. చేసిన ప్రతి పనిలోనూ తప్పు ఎదుటివాళ్లది. ఆడలేక మద్దెల ఓడనడం అతనికి రోజువారీ వ్యవహారం. దేవుడు అతనికి ఇచ్చిన ఒకే ఒక విద్య కన్నీళ్లు. ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎంత కావాలంటే అంత. అన్న సమాధి దగ్గర అతను ఏడ్చిన తీరు చూసి మురాద్ కూడా కళ్లు తుడుచుకున్నాడు.

సమాధి నుంచి తిరిగి వచ్చిన సాయంత్రమే ఇర్షాద్ మతపెద్ద అయిపోయాడు. శుక్రవారం నమాజుకు కూడా వంక వెతికే మనిషి ఇద్దత్ గురించి ఉపన్యాసం మొదలెట్టాడు. భర్త పోయిన ముస్లిం స్త్రీ నాలుగు నెలల పది రోజులు అలంకారం మాని ఇంటిపట్టున ఉండాలి, మరో పెళ్లి మాట ఎత్తకూడదు. అదే ఇద్దత్. జైనబీకి తెలియనిది కాదు. కానీ ఇర్షాద్ ఇద్దత్ దానికంటే నాలుగు మూరలు పొడుగ్గా ఉంది.

“నువ్వు గడప దాటగూడదు వదినా. పరాయి మొగోళ్లకు నీ గొంతు గూడా ఇనపడగూడదు, ఫోన్లో గూడా. అర్బాబుతో ఏం మాట్లాడల్లన్నా నేను మాట్లాడతా. నేనుండా గదా.”

వేరే రోజుల్లో అయితే జైనబీ వాడి గడ్డం పట్టుకుని, ఇది ఏ పుస్తకంలో చదివావని అడిగేది. అప్పుడు అడగలేదు. చిన్నప్పుడు వాళ్లమ్మను కూడా ఇలాగే ఒక గదిలో కూర్చోబెట్టారు. అంతకంటే పెద్ద కారణం, ఆఖరి తిట్టు. బతికున్నప్పుడు మొగుడికి ఇవ్వని మర్యాద చచ్చాకైనా ఇవ్వాలని ఆమె పంతం పట్టింది. ఎంత కట్టుదిట్టంగా ఉంటే అంత మంచిదనుకుంది. తలుపు మూసుకుంది, ఫోను పెట్టెలో పడేసింది.

మురాద్ కూడా పెద్దమనిషే. భర్త పోయిన ఆడమనిషి గుమ్మం ముందు నిలబడటం మర్యాద కాదనుకున్నాడు. ఏ మాటైనా ఇర్షాద్‌తోనే చెప్పి పంపేవాడు. మురాద్‌కు హిందీ బాగా వచ్చు, ఇర్షాద్‌కు ఆటో తోలేటప్పుడు అబ్బిన హిందీ ఉంది. ముసలామె ఉంటే కథ వేరుగా ఉండేది. కానీ ఆమె మోకాలి ఆపరేషన్ చేయించుకుని, మస్కట్‌లో అజైబా అనేచోట కూతురింట్లో ఉండిపోయింది.

అంటే ఇటు మాట అటూ, అటు మాట ఇటూ మోసేది ఒక్క ఇర్షాదే. దొంగచేతికి తాళాలిచ్చినట్టయింది. తాళాలిచ్చింది అతని మీద నమ్మకంతో కూడా కాదు, ఇద్దరూ మర్యాదకు పోయి.

అతను మురాద్ దగ్గరికి పోయి, వదిన మిషన్ ముఖం చూడనంటోందని, ఊరికి పోతానని రాత్రీ పగలూ ఒకటే ఏడుపని, దుకాణం తనను చూసుకోమందని చెప్పాడు. ఇంటికి వచ్చి, అర్బాబ్ దుకాణాన్ని మొబైల్ కొట్టు వాడెవడికో ఇచ్చేస్తానంటున్నాడని, కనీసం ఇంటిపేరు నిలవాలంటే తన పేరు మీద వీసా తీయించాలని చెప్పాడు. ఆడదానితో దుకాణం ఎలా నడుస్తుందని అర్బాబ్ అన్నాడట. తాను అతని కాళ్లూ గడ్డం పట్టుకుని ఆపుతున్నాడట. చెబుతూ కన్నీళ్లు పెట్టుకున్నాడు.

ఇక కుట్టుపని మాటేమిటి? ఇర్షాద్‌కు సూదిలో దారం ఎక్కించడం రాదు. అందుకని గుడ్డలు సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. ఇంట్లో కూర్చుని కుడితే ఇద్దత్‌కు ఏమీ కాదు వదినా, చేతికి పనుంటే మనసుకు మంచిది అనేవాడు. ఆ ఒక్క సడలింపు మాత్రం అతని మతంలో ఉంది. జైనబీ కుట్టేది. పొద్దున అతను పట్టుకుపోయి, మడత విప్పి, నేనే కుట్టానని ఇచ్చేవాడు. దుకాణంలో మెడలో టేపు వేసుకుని కూర్చునేవాడు. బట్టలు తీసుకుపోను వచ్చే డ్రైవర్లు, పక్క దుకాణాలవాళ్లు మాస్టర్ అని పిలిస్తే కాదనలేదు. తమ్ముడి చేయి కూడా అన్న చేయిలాగే ఉందని మురాద్ ముచ్చటపడ్డాడు. ఇంత పనివాడు ఉండగా ఇష్టంలేని విధవను పట్టి ఉంచడం పాపమనుకున్నాడు. ఎహసాన్ పోయిన చోట ఇర్షాద్‌కు వీసా ఇవ్వడానికి సగం మనసు ఒప్పుకుంది.

జైనబీ అంత గట్టిమనిషి ఇదెలా నమ్మింది అని ఎవరైనా అడగవచ్చు. ఆమే తరవాత తనను తాను అదే అడుక్కుంది. జవాబు సిగ్గుపడేలా ఉంది. ఇర్షాద్‌ను ఆమె ఎంత తక్కువగా చూసిందంటే, వీడికి అబద్ధమాడేంత తెలివి కూడా లేదనుకుంది. ఏడుపుగొట్టు వెధవ, చెప్పింది మోయడం తప్ప ఏం చేతనవుతుంది అనుకుంది. ఆమె అసహ్యమంతా మురాద్ మీదికి పోయింది. ఇన్నేళ్లు తన ఇంట్లో ఎంగిలి గిన్నెలు కడిగిన మనిషికి ముఖాన చెప్పలేక ఇలాంటివాడితో చెప్పిస్తున్నాడే, వీడూ ఒక మగాడేనా అనుకుంది. ముసలామెకు ఫోన్ చేద్దామని ఒకసారి పెట్టె తెరిచింది. చేస్తే అడుక్కున్నట్టు ఉంటుందని మళ్లీ మూసింది.

కానీ రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. దుకాణం పోతే వీసా పోతుంది, వీసా పోతే షినాస్ పోతుంది. గాలివీడులో ఆమె కోసం ఖాళీగా ఉన్నది అత్తగారి వంటింటి మూల ఒక్కటే. అక్కడ ఆమె ఎహసాన్ పెళ్లాం, గొడ్రాలు, విధవ. ఇక్కడ ఆమె జైనబ్, పండగ వస్తే ఊరి ఆడవాళ్లు ఎదురుచూసే జైనబ్. పైగా ఎహసాన్ ఈ మట్టిలోనే ఉన్నాడు. అతన్ని ఒంటరిగా వదిలి పోవడం ఆమె వల్ల కాదు. చెప్పుకోవడానికి మనిషి లేడు. ఉన్న ఒక్కడూ ఇర్షాద్.

ఇర్షాద్ విజిట్ వీసా ఒకసారి పొడిగించుకున్నాడు. మళ్లీ గడువు దగ్గరపడేసరికి తొందర పుట్టింది. మురాద్ ఇంకా నాన్చుతున్నాడు, అమ్మ వచ్చాక ఒకమాట అడిగి చెబుతానంటున్నాడు. ముసలామె పేరు వినగానే ఇర్షాద్‌కు భయం వేసింది. ఆమె వచ్చేలోగా వ్యవహారం ముగియాలి. అప్పుడు అతని బుర్రలో ఒక ఆలోచన పుట్టింది. తన జీవితంలో సొంతంగా పుట్టిన ఆలోచన అదొక్కటే కాబోలు, అది కూడా కుళ్లినదే.

ఆ తరవాత రెండు మూడు రోజులు అతను ఇంట్లో తెగ సంతోషంగా ఉన్నాడు. పనంతా అయిపోవచ్చింది వదినా అన్నాడు. ఏ పని అని జైనబీ అడగలేదు.

ముసలామె అనుకున్నదానికంటే ముందే వచ్చింది. కర్ర పట్టుకుని, కోడలి తోడు కూడా వద్దని, ఒక సాయంత్రం నేరుగా జైనబీ ఇంటికి వచ్చింది. ఇర్షాద్ గుమ్మంలో అడ్డం నిలబడి, భాభీకి ఒంట్లో బాగాలేదు, పడుకుంది అని హిందీలో నసిగాడు. ఆమెకు హిందీ ఒక్క ముక్క రాదు. వచ్చినా వినే మనిషి కాదు. కర్ర తీసి అతని కాలిమీద మోపి, లోపలికి నడిచింది.

జైనబీ నేలమీద కూర్చుని కుడుతోంది. ముసలామె సలాం కూడా చెప్పలేదు. చంకలోని పొట్లం ఆమె ఒడిలో పడేసింది. అందులోంచి నారింజ రంగు పట్టుగుడ్డ జారింది.

“తీసుకో, పెళ్లికూతురివి గదా. ఉత్తచేతులతో పంపడం మా ఇంటి పద్ధతి కాదు,” అంది.

“ఎవరి పెళ్లి, యుమ్మా?”

“నీదే. మురాద్ ఫోన్లో చెప్పాడు, మీ ఊళ్లో మేనమామ కొడుకట. ఇద్దత్ అయ్యేదాకా కూడా ఆగలేక ఇప్పుడే మాట ఇచ్చేశావట. ఎహసాన్ సమాధి మీద తడి ఆరలేదు జైనబ్. ఆ తెరలు కుట్టేవాణ్ణి నీకిచ్చి చేసినందుకు నాకిప్పుడు సిగ్గుగా ఉంది.”

జైనబీకి మేనమామే లేడు. ముసలామె ముఖంలో కోపం ఉంది, కోపం కింద ఇన్నేళ్ల నమ్మకం విరిగిన బాధ ఉంది. జైనబీ జీవితంలో ఎవరి కళ్లలోనైనా తక్కువ కాకూడదనుకున్నది ఈ కళ్లలోనే.

“నన్ను ఖాళీ చేసి పొమ్మన్నది మీరు గదా యుమ్మా,” అంది. “దుకాణం మొబైల్ కొట్టుకు ఇస్తున్నారని, ఆడదానితో నడవదని మురాద్ చెప్పి పంపాడు గదా.”

“ఎవరితో చెప్పి పంపాడు?”

ఇద్దరూ ఒకేసారి గుమ్మం వైపు చూశారు. అక్కడ చెప్పుల జత మాత్రం ఉంది. మనిషి లేడు.

ముసలామె చతికిలబడింది. ఆపరేషన్ చేసిన కాలు చాచుకుని, ఒక్కొక్కటే అడగడం మొదలెట్టింది. జైనబీ ఒక్కొక్కటే చెప్పింది. నువ్వు ఏడుస్తున్నావన్నాడు అంటే ఏడవలేదంది. మిషన్ ముట్టనన్నావట అంటే ఒడిలో ఉన్నది చూపించింది. ముసలామె దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. అది ఆమె గౌనే. ఆ మాస్టర్‌కు కుట్టమని మొన్న కోడలు ఇచ్చి వచ్చినది. అప్పుడు ముసలామె నోటినుంచి వచ్చిన తిట్లు జైనబీ వాళ్లింట్లో పనికి కుదిరిన మొదటి ఏడు కూడా వినలేదు.

అంతా అయ్యాక ముసలామె గొంతు తగ్గించి, పగటిపూట బతుకుతెరువు కోసం బయటికి పోవద్దని ఎవరన్నారు, మా మసీదు ఇమామ్‌ను అడిగితే చెప్పేవాడు గదా, నీ మరిది ఎప్పుడు ఇమామ్ అయ్యాడు అని అడిగింది. అడగకపోవడానికి కారణం తన తిట్టు. ఆ విషయం అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ముసలామెకు చెప్పింది. ఆ మధ్యాహ్నం ఎహసాన్‌ను ఏమని తిట్టిందో ఆ మాటతో సహా చెప్పింది. చెబుతుంటే, ఇన్నాళ్లూ రాని ఏడుపు వచ్చింది. ముసలామె ఆమె తలను తన ఒడిలోకి లాక్కుని, వాడు నీ తిట్టు వినకుండా ఒక్కరోజైనా ఉన్నాడా పిచ్చిదానా, వినకుండా పోయుంటే భయపడేవాడు అంది.

ఆ రాత్రి ఇర్షాద్ ఇంటికి రాలేదు. ఎక్కడికి పోతాడు, పాస్‌పోర్టు సంచి ఇక్కడే ఉంది. మర్నాడు పొద్దున మురాద్ మనిషిని పంపి అతన్ని దుకాణానికి పిలిపించాడు. జైనబీ ముందే వచ్చి, తెర వెనక, కొలతలు తీసుకునే చోట కూర్చుంది. ఎహసాన్ పోయాక ఆమె దుకాణంలోకి రావడం అదే మొదలు. వాడి ముఖం చూడటం ఇష్టంలేక తెర వేసి ఉంచింది.

ఇర్షాద్ వస్తూనే మొదలెట్టాడు. వదిన మంచి కోసమే అన్నాడు, అన్న మీద ఒట్టు అన్నాడు. మురాద్ వైపు చూసి ఏడ్చాడు, ఫలితం లేకపోయేసరికి ముసలామె వైపు తిరిగి ఏడ్చాడు. అతని హిందీ ఆమెకు అర్థంకాలేదు. కొడుకు తర్జుమా చేయలేదు. ఇలాంటివాడి మాటలు నమ్మి తల్లి ముందు తలదించుకోవలసి వచ్చిందని మురాద్ పళ్లు నూరుకుంటున్నాడు. ముసలామె అతను ఆగేదాకా కూడా ఆగలేదు. పనివాళ్లతో మాట్లాడేటప్పుడు వాడే పొట్టి అరబ్బీలో, కర్రతో నేలను కొడుతూ తీర్పు చెప్పింది.

“దుక్కాన్ మాఫీ. వీసా మాఫీ. షుగల్ మాఫీ.”

ఆ దేశంలో మాఫీ అంటే లేదు అని అర్థం. గల్ఫ్‌లో దిగినవాడు మొట్టమొదట నేర్చుకునే మాట అది. సెలవు మాఫీ, నీళ్లు మాఫీ, జీతం మాఫీ. విమానం దిగిన కూలీ వారం తిరిగేసరికి దాన్ని అన్నంలా నమిలేస్తాడు. ముసలామె అన్నది దుకాణం లేదు, వీసా లేదు, పని లేదు అని. కానీ ఇర్షాద్ మెడలో టేపు వేసుకుని మాస్టర్‌గా కూర్చున్నవాడు. అర్బాబుతో హిందీ, వదినతో తెలుగు, వచ్చే పోయేవాళ్లకు తల ఊపుడు. అరబ్బీ నేర్చుకోవడం కూలీలకు గాని తనకెందుకని ఒక్క ముక్క నేర్చుకోలేదు. అతనికి తెలిసిన మాఫీ ఒక్కటే, తెలుగు మాఫీ. ఎన్నికల మీటింగుల్లో విన్నది. రుణమాఫీ, కరెంటు బిల్లు మాఫీ, బకాయిల మాఫీ.

తెర సందులోంచి జైనబీకి అతని ముఖం కనబడింది. ముందు నోరు తెరుచుకుంది. తరవాత, ఏడుస్తున్న ముఖం ఏడుస్తూనే వెలిగిపోయింది. ఒక్క అంగలో ముందుకు దూకి ముసలామె చేయి కళ్లకు అద్దుకున్నాడు. ఆమె చేయి విదిలించుకుంది. మురాద్ తల్లివైపు, తల్లి మురాద్‌వైపు చూసుకున్నారు. తరిమేస్తే ఇంత సంతోషించినవాణ్ణి వాళ్లెప్పుడూ చూడలేదు.

ఇర్షాద్ తెర తీసుకుని లోపలికే వచ్చేశాడు. పరాయి మగవాడి గొంతు, ఇద్దత్, ఇవేవీ ఇప్పుడు అతనికి గుర్తు లేవు.

“ఇన్న్యావా వదినా? ముసలామె దేవత. అంతా మాఫీ చేసేసింది. దుకాణం బాడుగ మాఫీ, వీసా ఖర్చు మాఫీ. ఇంగోటేదో గూడా మాఫీ అనింది.”

జైనబీ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. వీడా తన నిద్ర చెడగొట్టింది? వీడి వల్లనా మురాద్‌ను అన్ని మాటలు అనుకున్నది, యుమ్మా కళ్లలో ఒక పూటైనా తప్పు మనిషై నిలబడింది? పులి నోట్లో పడి ఉంటే కనీసం చెప్పుకోవడానికైనా బాగుండేది. నల్లి కుట్టి చచ్చినట్టుంది. ఆ మాటకు ఇక్కడ అర్థం అది కాదని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. అంతలో ఆమెకు ఒక సంగతి అడగాలనిపించింది.

“ఆ పెండ్లి మాట నీ నోటికెట్ల వచ్చిందబ్బీ?”

“ఊరికే అన్యాలే వదినా. ఏదో ఒక కారణం చెప్పల్ల గదా, లేకుంటే వాళ్లు నమ్మరే. మనసులో పెట్టుకోవాకు. అందురూ మాఫీ చేసినారు, నువ్వొక్కదానివే మిగిల్నావు. నువ్వు గూడా ఆ మాట అనేయ్ వదినా, అన్న ఆత్మ సంతోషిస్తాది.”

ఊరికే అన్నాడట. ఎహసాన్ పేరు కూడా అంత సులువుగా నోట పట్టుకుని నిలబడ్డాడు. జైనబీకి కోపం రాలేదు. కోపానికి ఎదుట ఒక మనిషి కావాలి. అతని మెడలో ఇంకా వేలాడుతున్న టేపును చేయి చాచి లాగి తీసుకుంది, ఎహసాన్ టేపు అది. వేలికి చుట్టుకుంటూ, అతని కళ్లలోకి చూసి, అతను అడిగిన మాట అంది.

“మాఫీ మాఫీ.”

మొదటి మాట తెలుగు, రెండోది అరబ్బీ. ఇర్షాద్‌కు రెండూ తెలుగే. ఒకటి అడిగితే వదిన రెండిచ్చిందని పొంగిపోయి, అక్కడే నిలబడి గాలివీడులో అమ్మకు ఫోన్ కలిపాడు. బయట మురాద్ అతని పాస్‌పోర్టు సంచి బండిలో వేసుకుని, మస్కట్ విమానాశ్రయంలో దింపి రావడానికి స్టార్ట్ చేస్తున్నాడు. వీసా పని మీదే అనుకుని ఇర్షాద్ ముందు సీటులో ఎక్కి కూర్చున్నాడు.